చెక్క స్కేలు

పరీక్షకు పావుగంట ముందు చెక్క స్కేలు విరిగింది.

విరగ్గొట్టింది కోతి. క్లాసంతా అతన్ని అలాగే పిలుస్తారు. స్కేలుతో బల్ల మీద దరువు వేశాడు. ఫట్‌మంది.

"ఒరే కోతీ! ఇప్పుడు స్విచ్ దేంతో వేస్తావురా?" అంది ప్రాక్టికల్‌లో అతని జోడీ అయిన అమ్మాయి.

"వేలుందిగా. భయమా?"

ఆ మనస్తత్వశాస్త్రం ల్యాబులో స్విచ్ బోర్డు మూత ఎప్పుడో పగిలింది. పక్కన మేకుకు ఓ చెక్క స్కేలు తాడుతో వేలాడేది. ఏ స్విచ్ అయినా దాంతోనే నొక్కాలి. అదెవరు తగిలించారో ఎవరూ అడగలేదు.

ఆ అమ్మాయి భయం వేరే. ఈ ప్రాక్టికల్ ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే కాలేజీలోంచి పేరు కొట్టేస్తామన్నారు.

ప్రాక్టికల్ కూడా భయం మీదే. బయటి మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి. వేళ్ళకు జిగురు రాసి తీగలు అంటించాలి. భయపెట్టే బొమ్మలు చూపించాలి. భయం పుడితే మెదడు కబురు పంపుతుంది, వేళ్ళకు చెమట పడుతుంది, కాగితం మీద గీత పైకి లేస్తుంది. గదిలో ఏం జరిగినా టైముతో సహా ఆ గీత పక్కన రాయాలి.

"నోటిని నమ్మకండి, వేళ్ళను నమ్మండి," అనేవారు సారు.

అలా కూర్చోడానికి వచ్చినవాళ్ళలో వరండా బెంచీ మీద ఒక ముసలాయన మిగిలాడు. ఒళ్ళో గుడ్డసంచి.

"రా పెద్దాయనా. ఇంతకుముందెప్పుడైనా కూర్చున్నావా?"

"ఏటా వస్తానమ్మా."

"అయితే మనకంటే సీనియరే," అన్నాడు కోతి.

పాము బొమ్మ వేశారు. గీత కదల్లేదు.

మంటలు. కదల్లేదు.

మేడ మీంచి పడిపోతున్న మనిషి. కదల్లేదు.

"చచ్చిన చేపకి తీగలు పెట్టినా ఇంతకంటే నయంరా బాబూ," గొణిగాడు కోతి.

ఆమె ముసలాయన వైపు చూసింది. అతను తెర చూడడం లేదు. ఆమె భుజం మీదుగా వెనక గోడనే చూస్తున్నాడు. రెప్ప వేయడం లేదు.



"తెర చూడు పెద్దాయనా!"

"ఇక్కడ స్కేలుండాలి కదమ్మా?"

"నీకెందుకు?"

అతని చెయ్యి బల్ల కింద పెట్టిన సంచి వైపు వెళ్ళింది. తీగలు బిగుసుకున్నాయి.

"కదలకు! నువ్వు కదిలితే నా బతుకు పోతుంది!"

చెయ్యి ఆగిపోయింది.

ఇక మిగిలింది స్పీకరులోంచి కేక వినిపించడం ఒక్కటే. నాలుగు నిమిషాల టైముంది. ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళి చేతుల జిగురు కడుక్కుంది. తుడుచుకోలేదు. బోర్డు మీదున్న స్పీకరు స్విచ్ వైపు నడిచింది.

"తల్లీ! వద్దు!"

కుర్చీ బోర్లా పడింది. తీగలు తెగాయి. ముసలాయన భుజం ఆమెను బలంగా తాకింది. ఆమె వెళ్ళి బల్ల కింద పడింది. గీత గీసే యంత్రం నేల మీద పడి ఆగిపోయింది.

ఆమె కెవ్వుమంది. సారు వచ్చారు. వాచ్‌మన్ వచ్చి ముసలాయన కాలరు పట్టుకున్నాడు.

"సారూ, ఆ చెయ్యి తడి..."

"నోర్ముయ్! ఆడపిల్ల మీద పడతావా?"

అతని మాట పూర్తిగా వినడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఎవరికీ లేకపోయింది.

సారు తెల్లకాగితం ఆమె ముందు పెట్టారు.

"రాయి. మనిషి పిచ్చివాడు, మీద పడ్డాడు, ఇక గేటు దాటనివ్వొద్దు. సంతకం పెట్టు. రేపు ఇంకో మనిషితో చేసుకుందువుగాని."

"గీత ఒకసారి లేచింది సార్," అన్నాడు కోతి.

"కదిలినప్పటి గీత లెక్కలోకి రాదు."

ఆమె సంతకం పెట్టింది. రేపు ఇంకో అవకాశం ఉందన్నారు కదా. అంతకు మించి ఆలోచించలేదు.

అందరూ వెళ్ళాక కోతి గీత ఉన్న కాగితం విప్పాడు. అతని ముఖంలో ఆటలు లేవు.

"ఇటు రావే. ఇది చూడు. మూడూ పన్నెండు, కుళాయి. నేనే రాశాను."

గీత అక్కడే మొదలైంది. ఆమె ఒక్కో అడుగుకీ ఒక్కో మెట్టు చొప్పున కాగితం అంచుదాకా ఎక్కింది.

"ఆయన లేచింది దీని తర్వాత. ముందు భయపడ్డాడు, తర్వాతే లేచాడు."

గది తుడవడానికొచ్చిన ఆయా బల్ల కిందనుంచి గుడ్డసంచి తీసింది. "ఇదెవరిదమ్మా?"

అందులో కొత్త చెక్క స్కేలుంది. చివర చిల్లు. చిల్లులో తాడు ముడి.

ఆమె స్కేలు పట్టుకుని గేటు దాకా పరుగెత్తింది.

"వెళ్ళగొట్టాం," అన్నాడు వాచ్‌మన్. "మళ్ళీ ఈ ఛాయలకు రానని రాయించుకున్నాం కూడా. నువ్వేం భయపడకమ్మా."

ఆమె తిరిగొచ్చి స్కేలును మేకుకు తగిలించింది. ఇది విరిగితే ఇంకొకటి తెచ్చేవాడు లేడు. రేపు పదింటికి ఇంకో బ్యాచి ఉంది.

ఆయా తడిగుడ్డతో గదంతా తుడిచింది. బోర్డు ఉన్న గోడ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

"ఆయా, ఆ పెద్దాయన ఎవరు?"

"బోర్డు మార్చమని ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ చెప్పులరగ్గొట్టుకున్నాడమ్మా. బయటివాడికి ల్యాబులో ఏం పనన్నారు. మీ తీగలకు కూర్చునేవాళ్ళనైతే లోపలికి రానిస్తారుగా, అందుకని ఏటా కూర్చుంటాడు."

"ఎందుకూ?"

ఆయా గుడ్డ పిండి బకెట్‌లో వేసింది.

"నాకు ముందు ఈ గది తుడిచినామె, తడిచేత్తో ఆ బోర్డు ముట్టుకుని అక్కడే పోయినామె, ఆయన పెళ్ళామమ్మా."