బొట్టు పెట్టిన పెట్టె

కాలువల వాలు చూసే దొరగారి దుర్భిణిని పెట్టెలో సర్దే పని గుమాస్తా గోపాలకృష్ణమూర్తి నెత్తిన పడింది. ఆ పెట్టె ధవళేశ్వరం నుంచి కాకినాడకి పడవలో పోవాలి. అక్కడ మదరాసు ఓడెక్కాలి.

"మూర్తీ, అద్దం ఎవరి చేతిలో పగిలితే వాడి ఉద్యోగం ఊడుతుంది" అని చెప్పి దొర ముందే గుర్రమెక్కి కాకినాడ వెళ్ళిపోయాడు.

ఆ మాటతో మూర్తికి అన్నం సయించడం మానేసింది. గోదాము తలుపులు బిడాయించుకుని ఒక్కడే కూర్చుని సర్దాడు. అడుగున కొబ్బరిపీచు, పైన దూది, సందుల్లో ఊక. పురిటిబిడ్డకి కూడా అంత పక్క వేయరు. ఆపైన కచేరీలో వాళ్ళందరినీ పిలిచి, అందరూ చూస్తుండగా పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

"ఎంత శ్రద్ధండీ!" అన్నాడు తోటి గుమాస్తా ఆంజనేయులు. "ఇంతకీ పడవెవరిదండీ?"

"లోవరాజుది."

"వాడిదా! లాకు గోడని గుద్దకుండా దాటిన రోజుందా అండీ వాడికి? పైగా పొద్దున్నే కల్లు!"

"పోనిద్దురూ, పిల్లలు గలవాడు. మనం పిలవకపోతే వాణ్ణెవరు పిలుస్తారు?"

మూర్తి కూడా పడవెక్కాడు. ఎక్కి చూస్తే, లోవరాజు తలారా స్నానం చేసి, తడిగుడ్డతో వచ్చి, పెట్టెకి దణ్ణం పెట్టి, చుట్టూ మెత్తగా వరిగడ్డి పేరుస్తున్నాడు.

"ఇదేంట్రా?"

"అమ్మోరు కదండీ బాబూ. పసుపు, బొట్టు చూత్తే తెలీదేంటండీ!"

"అమ్మోరు కాదురా, గాజు సామాను!"

"అలాగేనండీ. పెద్దోళ్ళు పైకి చెప్పరు కదండీ."

కడియం లాకులో పడవ గోడని తాకనైనా తాకలేదు. మూర్తికి ముచ్చెమటలు పోశాయి.

"ఎండ మండిపోతోంది. దిగి ఓ ముంత కల్లు తాగి రారాదూ?" అన్నాడు జాలిగా.

లోవరాజు లెంపలేసుకున్నాడు. "అమ్మోరు పడవలో ఉండగా కల్లేంటండీ!"

"పోనీ తొందరగా నడుపు. ఓడ తప్పిపోతుంది!"

"అమ్మోరిని కుదిపితే ఊరుకుంటాదేంటండీ?"

ఆ తర్వాత ఏ లాకులోనూ చిన్న చప్పుడైనా లేదు. ఎదురొచ్చిన పడవలవాళ్ళు సైతం సంగతి విని, చేతులు జోడించి పక్కకి తప్పుకున్నారు. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుని మొక్కుకుని, కాకినాడ చేరేసరికి మూర్తి సగమైపోయాడు.

రేవులో దొర కాచుకుని ఉన్నాడు. లోవరాజు మొలలోతు నీళ్ళలోకి దిగి, పెట్టెని నెత్తిన పెట్టుకుని, అడుగులో అడుగేస్తూ గట్టెక్కి దొర కాళ్ళ ముందు మెల్లగా దించాడు.

"శభాష్!" అన్నాడు దొర. "ఇంత భద్రంగా తెచ్చిన పడవవాణ్ణి నేనెక్కడా చూడలేదు. మూర్తీ, తెరువు."

ధవళేశ్వరం గోదాములో, సర్దకముందే తన చేతిలోంచి జారి ముక్కలైన అద్దాన్ని ఇక ఏ పడవవాడి నెత్తిన రుద్దాలో తెలియక, మూర్తి పెట్టె ముందు కూలబడ్డాడు.