అప్‌గ్రేడ్ అయినాక

రీస్టార్ట్ అయిన కంప్యూటర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

డయానా పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కింది. ఏమీ లేదు. మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. ఇయర్‌ఫోన్ల పిన్ను ఊడదీసి, గట్టిగా నొక్కి పెట్టి, ఇంకోసారి కొట్టింది.

పొద్దున ఆరు గంటలకు మొదలుపెట్టిన పని అది. బెంగళూరు ఆఫీసు నుంచి వారం కిందటే మెయిల్ వచ్చింది. కంప్యూటర్లను నడిపేందుకు ఇప్పుడు వాడుతున్న లినక్స్‌కు ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, సోమవారం పది గంటలలోపు అందరూ దాని కొత్త రిలీజ్‌కు మారాలి, మారని మెషీన్లకు ఫైళ్లు పంపము అని. భయపడి డయానా రేపు చేద్దాం, రేపు చేద్దాం అని జరుపుతూ సోమవారం దాకా తెచ్చుకుంది.

మొదట అంతా సాఫీగానే సాగింది. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఎస్ అని కొట్టింది. ఇరవై శాతం, అరవై శాతం, తొంభై శాతం. రీస్టార్ట్ చేయమంది. చేసింది.

అంతే.

"ఏమ్మా, ఇంగా కాలేదా?" అంటూ తల్లి ఎస్తరమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆమె బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. అప్పటికే ఆలస్యమైంది. "వెలుగుతానే ఉండాది గదా."

"వెలిగితే చాలదు మా. పని చెయ్యల్ల."

"ఎదురింటి జెరోమ్‌ను పిలిచేదా?"

"వద్దు. ఆటో రిపేరు కాదు ఇది."

వాళ్ల ఊరు ఆండర్సన్‌పేటలో సగం మంది చీకటితోనే రైలెక్కి బెంగళూరు పోయి పని చేసి వస్తారు. డయానా ఇంట్లో కూర్చునే చేస్తుంది. డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి పంపిన రికార్డింగులు విని, టైపు చేసి పంపాలి. రెండేళ్లుగా చేస్తోంది. ఒక మందు పేరు తప్పు పడితే ఒక మనిషికి ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే ఆఫీసు మొత్తంలో ఆమె ఫైళ్లలోనే తప్పులు తక్కువ.

ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఫోన్‌లోనే జరిగింది. తన గురించి చెప్పవలసిన ఒక్క మాట ఆమె అందులో చెప్పలేదు. అంతకుముందు మూడు చోట్ల చెప్పింది. మూడు చోట్లా మెత్తగా మాట్లాడి, కబురు చేస్తామన్నారు. ఒక్కరూ చేయలేదు. ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలియకూడదనే మీటింగు జరిగినప్పుడల్లా కెమెరా చెడిపోయిందని చెబుతూ వస్తోంది.

తొమ్మిదింపావుకు ఆఫీసులో కంప్యూటర్ల సంగతి చూసే యశ్వంత్‌కు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టింది. ఆయన సొంతూరు తెలుగువాళ్లుండే రాయల్పాడు. డయానాతో తెలుగులోనే మాట్లాడతాడు.

"సార్, అప్‌గ్రేడ్ చేసినాను. కంప్యూటర్ పని చేస్తా లేదు."

"ఉండమ్మా, ఇక్కణ్నించే కనెక్ట్ అయి చూస్తాను." కాసేపు మీటల చప్పుడు. "లాగిన్ అయిపోయి ఉండావు గదా. డెస్క్‌టాప్ వచ్చేసుండాది. నెట్ ఉండాది. మన సాఫ్ట్‌వేర్ ఉండాది. ఏం పని చేస్తా లేదు?"

"సౌండ్ రాలేదు సార్."

"అదా. అప్‌గ్రేడ్‌లో సెట్టింగ్ మారిపోయింటాది. ఒక్క నిమిషం... ఇప్పుడు చూడు."

ఇయర్‌ఫోన్లలో టింగుమని గంట మోగింది. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. రోజూ పొద్దున్నే నొక్కే మూడు మీటలనూ కలిపి నొక్కింది. ఏమీ లేదు. మళ్లీ నొక్కింది. ఏమీ లేదు.

"సౌండ్ వచ్చిందా?"

"వచ్చింది సార్."

"ఇంగేం. పని మొదలు పెట్టు."

"సార్... ఇంగా పని చేస్తా లేదు."

"యాడమ్మా చేస్తా లేదు? నీ స్క్రీన్ నా ఎదురుగానే ఉండాది. అంతా బాగుండాది. ఒక ఫైలు పంపిస్తాను, తెరువు."

పంపాడు. నిమిషం గడిచింది. ఆమె చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. కదలలేదు.

"తెరవమంటే తెరవవేమమ్మా?" యశ్వంత్ గొంతులో విసుగు వచ్చింది. "నాకింకా పదైదు మంది లైన్లో ఉండారు. నీకేం కావాల్నో నువ్వు చెప్తే గదా నేను చేసేది. చెప్పకపోతే నీ మెషీన్ సరిగా లేదని రాసేసి, నీ ఫైళ్లు వేరేవాళ్లకు వేసేస్తాను. తప్పుగా అనుకోవద్దు."

ఎస్తరమ్మ ఇంకా బడికి బయలుదేరలేదు. వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

డయానా ఫోన్ మైకును చేత్తో మూసింది. "చెప్పేస్తాను మా."

"వద్దమ్మా. ఇంగ ఈ పనీ పోతాది. జ్వరమని చెప్పు. కరెంటు పోయిందని చెప్పు."

"ఈ దినం జ్వరం. రేపు?"

ఎస్తరమ్మ చెయ్యి కూతురి భుజం మీదే ఉంది. ఎక్కడో వీధి చివర ఆటో హారన్ మోగింది. రెండేళ్లలో తాను టైపు చేసిన వేల పేజీలు డయానాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అవన్నీ తన చేతులతో చేసినవే. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు.

"డయానా, లైన్లో ఉండావా?"

మైకు మీద నుంచి చెయ్యి తీసింది.

"ఉండాను సార్."

"ఏం కావాల్నమ్మా నీకు?"

"స్క్రీన్ మీదుండేది చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి దాంట్లో ఉంటాది, దాన్ని ఆన్ చెయ్యండి సార్," అంది డయానా, "నాకు పుట్టినప్పట్నుంచీ కండ్లు కనబడవు."