టీకా కార్డు

"సఫారీ వద్దే, ఆ జీపుల్లో నడుములు విరుగుతాయి. హాయిగా సముద్రానికి పోదాం," అంది సైన్సు టీచర్.

"ఇరవై ఏళ్లు ఇద్దరం సింహాలు, సింహాలని కలవరించి, తీరా రిటైరయ్యాక ఇదా?" అంది లెక్కల టీచర్.

ట్రావెల్స్ అమ్మాయి ఇద్దరి పాస్‌పోర్టులూ తిరగేసింది. "ఆఫ్రికా సఫారీకైతే ఎల్లో ఫీవర్ టీకా ఉండాలి. ఈ మేడమ్‌కి మళ్లీ అక్కర్లేదు. పోయినేడు వెళ్లొచ్చారుగా, కార్డు ఇందులోనే ఉంది."

సైన్సు టీచర్ ముఖం పాలిపోయింది. "మా ఆడపడుచు బలవంతపెట్టిందే. నీకేమో అప్పుడే మోకాలి ఆపరేషను. చెబితే బాధపడతావని..."

లెక్కల టీచర్ ఆ కార్డు చేతిలోకి తీసుకుంది. "సింహం కనబడిందా?"

"ఏడు! పిల్లలతో సహా!" స్నేహితురాలి కళ్లు మెరిశాయి.

వెళ్లినందుకు కాదు, ఇంత సంబరాన్ని ఏడాదిపాటు తన దగ్గర దాచగలిగినందుకు లెక్కల టీచర్‌కి కోపం ముంచుకొచ్చింది.

"సఫారీయే రాయమ్మా," అంది. "నా ఒక్కదానికే."