ఖాళీ చిప్‌లో చుక్క

చిప్ చివరి కాలిని బోర్డుకు నేనే అతికించాను. పెళ్ళై నెల కూడా కాలేదు, అప్పుడే నాకు సోల్డరింగ్ వచ్చేసింది!

మా బావగారి పడవలో పాత జీపీఎస్ ఉంది. దాని మెమరీ చిప్ లోపలి బ్యాటరీ అయిపోవడంతో, ఆయన గుర్తుపెట్టుకున్న వేట చోట్లన్నీ చెరిగిపోయాయి. అలాంటి చిప్ ఇప్పుడు దొరకదు. అందుకే బ్యాటరీ అక్కర్లేని వేరే చిప్‌ను దానికి సరిపోయేలా నేనూ మా ఆయన పెంచలూ ఇంట్లోనే అమర్చాం. తెల్లారితే బావగారు దాంతోనే సముద్రం మీదికి వెళ్తారు. ప్రస్తుతం పక్కగదిలో గురక పెడుతున్నారు.

స్విచ్ వేయగానే తెర వెలిగింది. నేను కేకపెట్టి ఎగిరి గంతేశాను.

"అరవబాకమ్మే, అన్న లేస్తాడు," అని నవ్వాడు పెంచల్.

ఖాళీగా ఉండాల్సిన తెర మీద, వేట చోటుకు పెట్టే గుర్తులాంటి చుక్క ఒకటి ఉంది. సరిగ్గా మా ఇంటి మీదే.

"మీరు పెట్టినారా?"

"నేనేడ పెట్టినా! కొత్త చిప్ గదా, ఏదో చెత్త ఉంటాది."

చెరిపేసి, ఆపి, మళ్ళీ వేశాడు. చుక్క సరుగుడు తోట దాటి సముద్రం ఒడ్డున ఇసుక మీద ఉంది.

"నడస్తా ఉందే!" అని పకపకా నవ్వాను.

ఇంకోసారి ఆపి వేశాడు. ఈసారి చుక్క నీళ్ళలో ఉంది.

గురక ఆగిపోయిందని అప్పుడు గమనించాం.

పక్కగదిలో మంచం ఖాళీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. "అన్నా!" అని పెంచల్ కేకేశాడు. అలల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

లోపలికి పరుగెత్తి స్విచ్ మీద చెయ్యి వేశాడు. "మళ్ళా వేస్తే ఏడుండాడో తెలుస్తాది."

నేను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వద్దండీ. వేసినప్పుడల్లా బావగారు సముద్రంలో ఇంకా లోపలికి పోతా ఉండారు."