అవతలి గోడ

బావి మెట్టు పట్టుకున్న కూతురి వేళ్లను మౌలాలి మడమతో తొక్కాడు.

"ఇడ్సు! పెనుకొండ చెరువులో మునిగిపోయిన పిల్ల మాదిరి సస్తావా? నాకు మా నాయన ఇట్లనే నేర్పించినాడు."

"వద్దు నాయనా!" పదేళ్ల సైమా పెదవి పగిలి నెత్తురు కారుతోంది.

మౌలాలి ఆమె జుట్టు పట్టి మళ్లీ బావిలోకి నూకాడు.

సైమా మునిగింది. తేలింది. ఈసారి మెట్లవైపు రాలేదు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ అవతలి గోడ చేరి, రాళ్ల సందున వేళ్లు దూర్చింది.

మౌలాలి గర్వంగా తొడ చరిచాడు. "ఈత వచ్చేసింది సూడు! భయం పోయిందా?"

"నీళ్లంటే పోయింది నాయనా."

"అయితే ఈడికి రా."

"నువ్వు పైకి పో. ఆమీట వస్తా."

మౌలాలి మెట్లెక్కాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన పైకి పోయేదాకా తానూ ఆ గోడనే పట్టుకుని వేలాడాడు.