మత్తు పట్టేదాకా

పళ్ళ డాక్టరు గది బయట ఒక చెక్క బెంచీ ఉండేది. సూది వేయించుకున్నవాళ్ళు మత్తు పట్టేదాకా దాని మీద కూర్చోవాలి.

ఆ బెంచీ చివర రోజూ ఒక ముసలాయన కూర్చునేవాడు.

పన్ను నొప్పని ఏనాడూ అనలేదు. చీటీ రాయించుకోలేదు. తలుపు తీసే వేళకు వచ్చేవాడు, తలుపు వేసే వేళకు వెళ్ళేవాడు. నవ్వొస్తే నోటికి రుమాలు అడ్డం పెట్టుకునేవాడు.

పెద్ద డాక్టరు ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన పోయాక కొడుకు వచ్చాడు.

తండ్రి కుర్చీతో పాటు తండ్రి నోటుపుస్తకమూ కొడుక్కి వచ్చింది. ఏ పంటికి సూది ఎక్కడ గుచ్చాలి, ఎంత లోతుకు వెళ్ళాలి, అందరికీ పట్టే చోట పట్టకపోతే ఇంకెక్కడ వెతకాలి, అన్నీ బొమ్మలు గీసి మరీ రాసిపెట్టాడు మహానుభావుడు. ఆ బొమ్మలు చూసి చూసి కొడుకు చెయ్యి తిరిగింది. సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని ఊళ్ళో పేరొచ్చింది.

బెంచీ మీద ముసలాయన పని ముసలాయనదే.

"ఏం బాబూ, అంత లారీ తోలేవాడివి, ఇంత సూదికి చెమటలా?"

"మీకేం తాతా, కూర్చుని ఎన్నైనా చెప్తారు."

"నా నోట్లో ఒక్క పన్నూ లేదు, కరవనులే. ఏదీ, కింద పెదవి గిల్లుకో. తెలుస్తోందా?"

"బాగా తెలుస్తోంది."

"అయితే కూర్చో. సగం మూతి పక్కింటివాడి మూతిలా ఉండాలి. అప్పుడు లోపలికి."

లారీ డ్రైవరు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుతో బిగుసుకున్న ఒళ్ళు వదులైంది.

లోపల డాక్టరుకు ఒళ్ళు మండేది. "పిలిస్తే ఒక్కరూ రారేం నర్సమ్మా?"

"ఇంకా పట్టలేదని తాతగారు ఆపుతున్నారండీ."

"డాక్టరు నేనా, ఆయనా?"

ఒకరోజు బట్టలు కుట్టే అమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది. బుగ్గ బంతిలా వాచింది. డాక్టరు సూది వేశాడు. పావుగంట చూసి మళ్ళీ వేశాడు. తాకితే చాలు, పిల్ల ఎగిరిపడుతోంది.

ముసలాయన మొదటిసారి లేచి గది గుమ్మం దాకా వచ్చాడు.

"బాబూ, ఈ పిల్లకి ఇవాళ పట్టదు. అక్కడంతా చీముంది, ఒళ్ళు కాలిపోతోంది. పన్ను జోలికెళ్ళకు. ముందు చీము సంగతి చూడు, మందులియ్యి."

"ఏం చదివారు మీరు?"

"ఏమీ లేదు."

"మరి మీకెలా తెలుసు?"

ముసలాయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రేపటినుంచి ఇటు రావద్దు. నర్సమ్మా, ఆ బెంచీ తీయించెయ్."

ముసలాయన ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "నొప్పి తెలిస్తే చెయ్యెత్తు తల్లీ. మొహమాటపడకు."

అంతే, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పిల్ల చెయ్యెత్తింది.

"అదంతా భయమమ్మా, నొప్పి కాదు," అన్నాడు డాక్టరు.

మళ్ళీ ఎత్తింది.

"అయిపోయింది, ఒక్క క్షణం."

పన్ను సగానికి విరిగింది. ఆ కేక వీధిలోకి వినబడింది. పిల్ల డాక్టరు చేతిని తోసేసి, నెత్తురు కారుతున్న నోటితో పరుగెత్తింది.

మూడోరోజు తల్లి ఒక్కతే వచ్చింది.

"వాపు గొంతులోకి దిగింది బాబూ. గుక్కెడు నీళ్ళు కూడా మింగలేకపోతోంది."

"ఇంకా ఇంట్లో ఉంచారా? వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి!"

"రాదే! డాక్టరన్న మాట వింటే చాలు, మంచం కోడు పట్టుకుని వదలదు. ఏం చేశావయ్యా నా బిడ్డని?"

డాక్టరే బండి కట్టించుకుని వెళ్ళాడు. అతను వాళ్ళ గడప దాటేసరికి పిల్లకు ఊపిరి ఆగిపోయింది. కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది.

ముసలాయన కోసం మనిషిని పంపాడు. ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు లేరు మరి.

ఆయనకెలా తెలిసింది? అదొక్కటే డాక్టరును తొలిచేసింది. తండ్రి నోటుపుస్తకం తీశాడు. కావలసిన బొమ్మ చూసుకుని మూసేయడమే గాని, ఆఖరి పేజీ దాకా ఎన్నడూ వెళ్ళింది లేదు.

అక్కడ బొమ్మ లేదు, తండ్రి రాత మాత్రమే.

"కింది దవడ, ఆఖరి పన్ను. చీము ఉంది. నాలుగు సూదులు వేసినా పట్టలేదు. ఆగాల్సింది, తొందరపడి లాగేశాను. ఆయన అరవలేదు. నా చెయ్యి పట్టుకుని, 'ఇంకొకరికి ఇలా చెయ్యకండి డాక్టరుగారూ' అన్నాడు."

దాని కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి.

"మామూలు చోట మత్తు పట్టని తన నోటిని, 'ఎలాగూ ఊడే పళ్ళే కదా, నా మీద నేర్చుకోండి' అని ఏళ్ళ తరబడి నాకు అప్పగించాడు. ఈ పుస్తకంలో ఉన్న బొమ్మలన్నీ మన బెంచీ మీద కూర్చునే ఆ మనిషి నోటివే."