ఒక్క బీడీ కూడా మిగలకూడదు

సంతకం పెట్టబోతా ఉన్న తనిఖీ ఆఫీసరు శివశంకర్ పెన్ను గాల్లోనే ఆగిపోయింది. ముక్కు మాత్రం ఆగలేదు. గట్టిగా ఎగబీల్చింది.

"డాక్టరుగారూ, పొగాకు వాసన."

సూపరింటెండెంటు సుభాషిణి గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ సంతకం పడితే అల్లూరు దగ్గరున్న ఆ ఆసుపత్రి గేటుకి 'పొగాకు లేని ఆవరణ' అని బోర్డు పడుద్ది. పడకపోతే ఆమెకి బదిలీ. పోయిన తనిఖీలో మెట్ల కింద బీడీ ముక్క దొరికినప్పుడే పైవాళ్ళు ఆ మాట చెప్పేసినారు.

అందుకే గేటు కాడ సెక్యూరిటీ పెంచలప్రసాద్‌ని పెట్టింది. అతను పోలీసోళ్ళనీ వదల్లేదు, పూజారినీ వదల్లేదు. పురిట్లో పుట్టే బిడ్డ కూడా పిడికిలి విప్పి చూపించాకే ఏడవాలి. లాక్కున్న బీడీలూ చుట్టలూ గోతాలకెత్తి గేటు గదిలో వడ్ల మూటల్లాగా పేర్చినాడు. ఈ పొద్దున కూడా ఆమె పిలిచి చెప్పింది, తనిఖీ అయ్యేలోపల ఆవరణలో ఒక్క బీడీ కూడా మిగలకూడదని. అతను సెల్యూట్ కొట్టి పోయినాడు.

"దొరికితే మాత్రం రిపోర్టు ఇక్కడే రాస్తా," అన్నాడు శివశంకర్, ఖాళీ చొక్కా జేబు తడుముకుంటా. వచ్చినప్పట్నుంచీ ఆ జేబే తడుముతా ఉన్నాడు.

వెతుకులాట మొదలైంది. నర్సులు బాత్రూం తలుపులు బాదినారు. లోపలున్నోళ్ళు సగంలోనే లేచొచ్చి వరసగా నిలబడి నోళ్ళు తెరిచినారు. ఒక ముసలామె దిండు కింద వెతికితే పళ్ళ సెట్టు దొరికింది, బీడీ దొరకలా. సముద్రం గాలి ఇటు తిరిగేకొద్దీ పొగ చిక్కబడింది. ఉబ్బసం వార్డంతా దగ్గు అందుకుంది. ఇంకాసేపుంటే గోడ మీది 'పొగ తాగరాదు' బోర్డు కూడా దగ్గేట్టుంది.

అందరూ పోయి కాలికి కట్టుతో పడుకోని ఉన్న పోలేరయ్య మీద పడినారు. చేపల వేటకి పోతే పడవ ఇంజను కంటే ఆయనే ఎక్కువ పొగ వదుల్తాడని పేరు.

"నువ్వేనా?" అంది సుభాషిణి.

పోలేరయ్య కళ్ళు మూసుకోని గుండెల నిండా పీల్చినాడు. కాలు విరిగినాక ఆయన మొహం వెలగడం అదే మొదలు.

"నాకంత అదృష్టం యాడుందమ్మా. ఇది ఒకడు తాగే పొగ కాదు. బీడీ ఉండాది, చుట్ట ఉండాది, ఏందో దొరల సిగరెట్టు కూడా తగల్తా ఉండాది. ఊరు ఊరంతా ఒకేసారి ముట్టిచ్చినట్టుండాది."

అని, గాలొచ్చే కిటికీ చూపించినాడు.

శివశంకర్ ముందు, సుభాషిణి వెనక, ఆసుపత్రి వెనకున్న చెత్త గుంత కాడికి పరిగెత్తినారు. పొగలో మనిషి కనపడలేదు. సెల్యూట్ మాత్రం కనపడింది.

"ఒక్కటి కూడా మిగలకూడదన్నారు కదా మేడమ్," అన్నాడు పెంచలప్రసాద్, మసి కొట్టుకుపోయిన మొహంతో. "అన్నీ తగలబెట్టేసినా."

సుభాషిణి కళ్ళు మూసుకుంది. మనసులో అప్పుడే పెట్టె సర్దేసుకుంది.

శివశంకర్ పెన్ను మూత తీసినాడు. "ఏమేం తగలబెట్టినావో వరసగా చెప్పు. రిపోర్టులో రాయాలి."

పెంచలప్రసాద్ అటెన్షన్‌లో నిలబడినాడు.

"రాసుకోండి సార్. బీడీలు మూడు గోతాలు, చుట్టలు ఒక గోతాం, పొద్దున గేటు కాడ మీ జేబులో దొరికిన సిగరెట్టు ప్యాకెట్టు ఒకటి."